తెల్లచెక్క మీద మసిగీత

పోయిన నెలలో మా కొత్త ఇంటి గుమ్మానికి పేరుపలక చేయించుకుందామని తిరుపతిలో ఒక దుకాణానికి వెళ్లాను. కొత్త ఇల్లంటే పెద్దగా ఊహించుకోకండి, మూడో అంతస్తులో రెండు గదుల వాటా. ఇప్పుడు పేర్లు ఉలితో చెక్కేవాళ్లు లేరట, అంతా లేజరేనట. దుకాణం నడిపే అతనికి నలభై దాటి ఉంటాయి. మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టి, నేను ఎంచుకున్న తెల్లటి చెక్కపలకను తన చిన్న మిషను కింద పెట్టబోతూ ఆగి, బ్రష్షుతో దాని మీద నల్లటి పూత పూయడం మొదలుపెట్టాడు. శుభ్రమైన పలకకు ఆ మసి ఎందుకయ్యా అని అడిగాను, అడగవలసిన అవసరం నాకు లేకపోయినా. తన మిషను వెలుతురు నీలంగా ఉంటుందనీ, నల్లటి వస్తువు దాన్ని మింగేసి చురుక్కున కాలుతుందనీ, తెల్లది వెనక్కి కొట్టేస్తుందనీ, అద్దంలాంటి ప్లాస్టిక్ అయితే ఏమీ తగలనట్టే వెలుగు దాటిపోతుందనీ, పెద్ద కంపెనీల పెద్ద మిషన్లకు ఈ రంగుల పట్టింపు అంతగా ఉండదనీ ఓపిగ్గా చెప్పాడు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

“ఇది మిషనోళ్లు చెప్పింది కాదమ్మా. మేం చిత్తూర్లో సదివేటప్పుడు మాకొక క్రాఫ్టు సారు ఉండె. ఎండలో భూతద్దం పట్టుకోని చెక్కమీద బొమ్మలేసేవాడు. తెల్లచెక్కకు మసి పుయ్యాల, కాలకూడని చోట తెల్లమన్ను పెట్టాల అని ఆ సారే చెప్పినాడు. ఆయనకు వాళ్ల నాయన నేర్పినాడంట.”

ఆ సారు మా అన్న. ఆ నాయన మా నాయన. ఆ విద్యను కనిపెట్టింది, వేళ్లు కాల్చుకుని నేర్చుకుంది, మా అన్నకు నేర్పింది నేను. ఈ మాట నేను నలభై అయిదేళ్లకు పైగా బయటివాళ్లెవరితోనూ అనలేదు, కట్టుకున్న ఆయనతో కూడా అనలేదు, ఆ దుకాణంలోనూ అనలేదు. పలక తీసుకుని ఆటో ఎక్కి ఇంటికి వచ్చి, ఆ పూట అన్నం తినబుద్ధి కాక పడుకున్నాను. ఈ వయసులో ఇంకా ఏమిటిదని చిన్నవాళ్లు అనుకోవచ్చు, నా ఈడువాళ్లు మాత్రం అనుకోరని నా నమ్మకం.

మా ఇల్లు తిరుచానూరులో, అమ్మవారి గుడికి రెండు వీధుల అవతల. తాత, నాయన, అమ్మ, అన్న, నేను, ఇంతే సంసారం. నాయన గుడిలో పాశురాలు చదివే గోష్ఠిలో ఉండేవాడు. మా సీమలో కన్నతండ్రిని గురించి చెప్పేటప్పుడు వచ్చాడు, పోయాడు అనే అంటాం, అందులో అగౌరవం ఏమీ లేదు, దూరప్రాంతాల వాళ్లు తప్పుగా అనుకోకండి. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు, కానీ ఏ పనీ ఒక పట్టాన ముగించేవాడు కాదు. ఇంటరు రెండుసార్లు రాసి వదిలేశాడు. టైపు నేర్చుకుంటానని చేరి మూడు నెలలకే మానుకున్నాడు. చివరికి డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలకు కడతానంటే, ఒక్కడే పోతే మధ్యలో సినిమాకు తేలతాడని అమ్మ భయపడి, తోడుగా నన్ను కూడా కట్టించింది. ఇద్దరం పాసయ్యాం. అప్పట్లో ఆ సర్టిఫికెట్టు ఉంటే హైస్కూళ్లలో క్రాఫ్టు మాస్టరు పనికి పనికొచ్చేది.

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం, నేను బీయస్సీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజులు. అలా ఎదురుచూసే ఆడపిల్లకు ఇంట్లో ఒక ఉద్యోగం సిద్ధంగా ఉండేది, మిద్దె మీద వడియాలకు కాపలా. అమ్మ తన పాత నగరి చీర, తెల్లటి నేతకు ఇంత వెడల్పు నల్లంచు ఉన్నది, మిద్దె మీద పరిచి బూడిదగుమ్మడి వడియాలు పెట్టేది. నేను ఒక మూల నీడలో కూర్చుని కాకుల్ని తోలుతూ, ఏమీ తోచక తాతగారి భూతద్దం తెచ్చుకుని ఆయన పాత పత్రికలు చదివేదాన్ని. ఒకరోజు ఆ అద్దం ఎండలో కాగితం మీదికి వాలింది. నన్ను ఆశ్చర్యపరిచింది మంట కాదు, అది అందరికీ తెలిసిన ఆటే. ముందు కాలింది కాగితం కాదు, అచ్చు అక్షరాలు. నల్లటి అక్షరం పొగ లేచి చిల్లు పడుతుంటే దాని చుట్టూ ఉన్న తెల్లటి జాగా చెక్కుచెదరలేదు. వెంటనే అమ్మ చీర అంచు మీద పెట్టి చూశాను. పెట్టీపెట్టగానే చిల్లు. తెల్లటి నేత మీదికి జరిపాను, పది లెక్కపెట్టినా మచ్చ లేదు. మళ్లీ అంచు, మళ్లీ నేత, అలా నమ్మకం కుదిరేదాకా పెట్టి చూస్తే సాయంత్రానికి అంచు పొడుగునా ఏడు చిల్లులు తేలాయి. ఆ తిట్లు ఇక్కడ రాయను. ఎలుక కొట్టి ఉంటుందిలే అని తాత నన్ను కాపాడబోతే, అంచు మాత్రమే కొట్టే ఎలుకను ఈడనే చూస్తున్నానని అమ్మ అంది.

చిత్రమేమిటంటే, నల్లని వస్తువులు ఉష్ణమును ఎక్కువగా గ్రహించును, తెల్లనివి పరావర్తనము చెందించును అని నెల ముందే పరీక్షలో అచ్చంగా రాసి వచ్చాను. అయిదు మార్కుల ప్రశ్న. కానీ రాసినప్పుడు తెలియలేదు, చీర కాలినప్పుడు తెలిసింది.

తరువాత చెక్క మీదికి వచ్చాను. మా వైపు బొమ్మలు చేసే పాలకొయ్య తెల్లగా, మెత్తగా ఉంటుంది. దాని మీద అద్దం పెడితే ఎంతసేపటికీ రగలదు, రగిలితే చుట్టూ గోధుమరంగు మరక పాకిపోతుంది. ఎర్రచందనం ముక్క మీద ఇట్టే కాలుతుంది, కానీ ఆ ఎరుపులో నలుపు కనబడి చావదు. కాబట్టి తెల్లచెక్కే కావాలి, కానీ అది నల్లచెక్కలా కాలాలి. దీపం మసిని పలుచటి గంజిలో కలిపి గీత గీసి, ఆ గీత వెంట అద్దం నడిపిస్తే, గీత మేరకే సన్నగా, లోతుగా కాలుతుందని తెలుసుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. కాలినాక తడిగుడ్డతో తుడిస్తే మిగిలిన మసి పోయేది. పసుపు పూసినచోట రంగు సగం సగంగా, ఎండిన కొబ్బరిచిప్ప రంగులో వచ్చేది.

ఇక తెల్లమన్ను సంగతి. నాయన పొద్దున్నే పన్నెండు నామాలు పెట్టుకునేవాడు, దానికి తిరుమణిని, అంటే ఆ నామాల తెల్లమన్నును, నీళ్లలో అరగదీసి గిన్నెలో సిద్ధం చేయడం నా పని. ఒకరోజు గిన్నె కడగబోతూ రెండు చుక్కలు నా చెక్క మీద పడ్డాయి, నేను చూసుకోలేదు. మధ్యాహ్నం అద్దం ఆ చుక్కల మీదుగా ఎన్నిసార్లు పోయినా వాటి కింద చెక్క పాలలాగా అట్లాగే ఉండిపోయింది. అంతే, నాకు రెండో కీలకం దొరికింది. కాలవలసిన చోట మసి, కాలకూడని చోట మన్ను. చెయ్యి కాస్త వణికి అద్దం పక్కకు జరిగినా మన్ను కాపాడేది, అందుకే నా గీతల అంచులు కత్తితో కోసినట్టు వచ్చేవి. నామం పెట్టుకునేదాంతో ఆటలా అని అమ్మ చెంపలు వేసుకుంది. నాయనకు తెలిస్తే ఇల్లు ఎగిరిపోతుందని నేనూ భయపడ్డాను.

ఆషాఢం వెళ్లేసరికి చేతికి బాగా పట్టు దొరికింది. అప్పుడే పత్రికలో ఒక ప్రకటన చూశాను. చిత్తూరులో ఒక హైస్కూలుకు క్రాఫ్టు మాస్టరు కావాలి, డ్రాయింగు హయ్యరు పాసై ఉండాలి, స్వయంగా చేసిన వస్తువు ఒకటి దరఖాస్తుతో పాటు చూపాలి, ఆడవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ చివరి మాటను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ప్రకటన కత్తిరించి రెండు రోజులు నా దగ్గరే దాచుకుని, మూడో రోజు ధైర్యం చేసి నాయన భోజనం చేసి లేచాక చేతికిచ్చాను, నేను పెట్టుకుంటానని చెప్పాను, తిరుమణి సంగతి కూడా దాచకుండా చెప్పేశాను. నాయన తిట్టలేదు. కాగితం రెండుసార్లు చదివి, రేపు ఆ బొమ్మలేవో చూపించు పాపా అన్నాడు.

మరునాటి నుంచి వారం రోజులు, నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న వారం ఇంకొకటి లేదు, పెళ్లి జరిగిన వారంతో కలిపి చెప్తున్నాను. కొడుకు చదువు గురించి తప్ప కూతురి చదువు గురించి ఏనాడూ అడగని మనిషి, మిట్టమధ్యాహ్నం గొడుగు వేసుకుని మిద్దె ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఏ రంగు ఎంతసేపటికి కాలుతుంది, అద్దం ఎంత ఎత్తున పట్టాలి, మన్ను ఎంత మందం పెట్టాలి అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు. నామం పెట్టుకునే మన్నుతో స్వామి సృష్టిని గీస్తున్నావు, తప్పేముండాది అన్నాడు. నేను పొంగిపోయి నాకు తెలిసినవీ, ఇంకా సరిగా తెలియనివీ అన్నీ చెప్పాను. ఆయన ఎదుటే బొమ్మ పూర్తిచేశాను. మా వీధి చివర పూలమ్మే ఆవిడ, ముందు బుట్ట, బుట్టనిండా మల్లెలు. చీర నలుపు, చేతులు పసుపు పెట్టి తీసిన గోధుమరంగు, మల్లెమొగ్గ ఒక్కొక్కటీ మన్ను చుక్క పెట్టి కాపాడిన తెల్లచెక్క. రెండు వందల పై చిలుకు మొగ్గలు. నాయన దాన్ని తన ఉత్తరీయంలో చుట్టుకుని, దరఖాస్తు తనే రాసి పెడతానని నా సర్టిఫికెట్లు కూడా అడిగి తీసుకుని, చిత్తూరు బస్సెక్కాడు. నేను గుమ్మంలో నిలబడి బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. మా నాయనలాంటి నాయన ఎవరికుంటాడనుకున్నాను.

నెల తిరిగాక ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు. పైన అన్న పేరు ఉంది. పొరపాటున ఇంటి మగపిల్లవాడి పేరు రాసి ఉంటారనుకుని విప్పాను. మీరు పంపిన సూర్యకిరణ చిత్రం కమిటీవారిని ఎంతో ఆకర్షించినది, వచ్చే సోమవారము మా సమక్షమున మీరు స్వయముగా ఒక చిత్రము చేసి చూపవలెను, చెక్క మేమే ఇచ్చెదము అని ఉంది. లోపలా అన్న పేరే. నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే అర్థం చేసుకోవడం నాకిష్టం లేదు. పెరట్లో తులసి కోస్తున్న నాయన దగ్గరికి వెళ్లి ఉత్తరం పట్టుకుని నిలబడ్డాను. నాయన దాన్ని చదివి మడిచి, నా మొహం వైపు కాకుండా తులసి వైపే చూస్తూ మాట్లాడాడు.

“నువ్వు రేపు ఇంకొకింటికి పోయేదానివి పాపా. ఆడ నీకేమి తక్కువ. వానికి ఇరవై ఏడొచ్చినాయి, నిలబడేదానికి ఈడ జానెడు నేల ల్యా. నీకు విద్య ఉండాది, వానికి పని కావాల. ఇంటి మాట ఇంట్లోనే ఉండాల.”

అంటే ఆ వారమంతా మిద్దె మీద నా పక్కన కూర్చుని అడిగినవన్నీ నా కోసం కాదు. ఆయన తీసుకున్న నా సర్టిఫికెట్లు ఆయన పెట్టెలో నుంచి కదలనేలేదు, ఆ రోజే తీసి చూసుకున్నాను. గొడుగు పట్టుకుని మిద్దె ఎక్కిన మొదటిరోజే ఆయన మనసులో అన్న ఉన్నాడు. ఉద్యోగం పోయినందుకు ఏడవలేదు నేను, నమ్మండి. నాయన నన్ను చూడడానికి మిద్దె ఎక్కాడని అనుకున్నానే, అందుకు ఏడ్చాను. అమ్మ నా వెనకాలే వచ్చి, వాడికి నేర్పు అంది, ఒక్కగానొక్క అన్న అంది. అమ్మకు మొదటినుంచీ తెలుసని అప్పుడు తెలిసింది.

వారం రోజులు నేర్పాను. అన్న నా కళ్లలోకి చూడకుండా, చెప్పినది చెప్పినట్టు శ్రద్ధగా చేశాడు, అంత శ్రద్ధ అతనిలో ముందెన్నడూ చూడలేదు. చెయ్యి మంచిదే, గీత నాకంటే బాగా వచ్చేది. మన్ను పెట్టడం, అద్దం ఎత్తు, ఎండ వాలినప్పుడు పలకను ఎలా వంచాలి, అన్నీ చెప్పాను. ఒకటి చెప్పలేదు. మసి సంగతి. మొదటిరోజు అన్న కాఫీ తాగి వచ్చేలోగా నేనే గంజిమసితో గీతలు గీసి చెక్క సిద్ధం చేసి ఉంచాను, అది ఉత్త పెన్సిలు గీత అనుకున్నాడు, అడగలేదు. అది కావాలని చేసింది కాదు. రెండోరోజు నుంచి కావాలనే చేశాను. మసి సంగతి తెలిసిన నాయన ఆ వారం మిద్దె ఎక్కనేలేదు. సోమవారం వాళ్లిచ్చేది తెల్లటి పాలకొయ్య. మసి లేకుండా దాని మీద అద్దం పెడితే గంట గడిచినా మరక తప్ప గీత రాదు. అందరి ఎదుటా చెమటలు కారుతూ నిలబడతాడు. ఇంట్లో ఎవరూ నన్ను తప్పుపట్టలేరు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది నా విద్య కాదు కదా. ఈ ఆలోచన నాకు ఎంత తృప్తినిచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సోమవారం పొద్దున అమ్మ నాకు కొత్త పరికిణీ కట్టించి, చెంబుతో నీళ్లిచ్చి వీధిలోకి పంపింది. కన్నెపిల్ల నీళ్లతో ఎదురొస్తే పోయిన పని అవుతుందని మా ఇళ్లలో పట్టింపు. దేన్ని నా దగ్గరినుంచి తీసుకుపోతున్నారో దానికి శకునం కూడా నేనే కావాలి. ఇస్తానో ఇవ్వనో నాకే తెలియకుండా, మసిపొట్లం ఒకటి ఓణీ కొంగున ముడివేసుకున్నాను. వీధి చివరిదాకా నడిచి వెనక్కి తిరిగి వస్తుంటే అన్న ఎదురయ్యాడు. నాయన గుడి నుంచి తెచ్చిన శేషమాల తునక చొక్కా జేబులో, చేతిలో తాతగారి భూతద్దం గుడ్డలో చుట్టి. నా ముందు ఆగాడు. ఆగకూడదు, ఎదురొచ్చినవాళ్లను దాటి పోవాలి.

“నాకు భయంగా ఉండాది పాపా. పోకుంటే నాయన చచ్చిపోతాడు. పోతే నేను దొంగనైతాను.”

చెంబు కింద పెట్టి ముడి విప్పాను. తెల్లచెక్క ఇస్తే ముందు దీన్ని నీళ్లలో కలిపి గీత గీసుకో, గంజి దొరికితే మరీ మంచిది, మసి లేకుంటే కాలదు అని చెప్పాను. వారం రోజులు ఎందుకు చెప్పలేదని అన్న అడగలేదు. పొట్లం తీసుకుని, చెయ్యి నా తలమీద పెట్టబోయి, పెట్టకుండానే వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఉద్యోగంతో తిరిగొచ్చాడు. అమ్మ క్షీరాన్నం వండింది. అన్న నాయన కాళ్లకు దండం పెడితే నాయన కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి ఏడాది నాకు పెళ్లయింది. విధి ఎంత ఎకసెక్కాలాడుతుందో చూడండి, మా ఇంటాయన ఉద్యోగం చిత్తూరులోనే, పోస్టాఫీసులో. అన్న బడికి మా ఇల్లు నాలుగు వీధులు. ఎండతో బొమ్మలేసే సారని ఊళ్లో అన్నకు పేరొచ్చింది. విద్యాశాఖవాళ్లు వస్తే చూపించేవారు, కాణిపాకం బ్రహ్మోత్సవాలప్పుడు బడివాళ్లు పెట్టే ప్రదర్శనలో జనం అతని బల్ల చుట్టూ మూగేవాళ్లు, ఒకసారి పత్రికలో ఫొటో కూడా పడింది. మా అబ్బాయి ఆ బడిలోనే చదివాడు. ఆరో తరగతిలో ఒకరోజు పరుగెత్తుకొచ్చి, అమ్మా నీకు తెలుసా, నల్లది ముందు కాలుతుంది, తెల్లది కాలదు, తెల్లచెక్కకు మసి పుయ్యాల, మామ కనిపెట్టినాడంట అని నాకు పాఠం చెప్పాడు. చేతిలో పప్పుగరిటె పట్టుకుని మొత్తం విన్నాను. బాగుంది నాయనా, మామకు చాలా తెలుసు అన్నాను. ఏదో అనాలి కదా.

నేను మళ్లీ అద్దం పట్టలేదు. పట్టుదలతో కాదు, పట్టుకుంటే ఎవరైనా అన్న దగ్గర నేర్చుకున్నావా అని అడుగుతారని. కానీ ఒక నమ్మకంతో ఉన్నాను. నాయన బతికున్నంతకాలం ఆయన మాట దాటలేక అన్న నోరు మెదపడం లేదు, తరువాత చెప్తాడు అని. నాయన పోయాడు. ఆయన పోయేముందు పక్కనే నాలుగు రోజులు కూర్చున్నాను, తీర్థం పోశాను, ఇంట్లోవాళ్లందరి గురించీ మాట్లాడాడు, ఆ సంగతి మాట్లాడలేదు. అమ్మ కూడా పోయింది. అన్న చెప్పలేదు. ఏళ్లు గడిచేకొద్దీ నేనే ఒక సమాధానం చెప్పుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఒకే మాట పదిమందికి చెప్తే చెప్పేవాడికే అది నిజమైపోతుంది, పాపం అన్నకు ఇప్పుడు నిజంగానే అది తన విద్య అనిపిస్తూ ఉంటుంది, గుర్తులేని మనిషి మీద కోపం ఎందుకు అని. ఆ సమాధానంతో నేను హాయిగానే బతికాను. పండగలకు వెళ్లాను, వదినతో కలిసి ఊరగాయలు పెట్టాను.

అన్న రిటైరైన రోజున బడిలో సభ పెట్టారు. పాత శిష్యులు ఎక్కడెక్కడినుంచో వచ్చారు. వదినా నేనూ ఆడవాళ్ల వైపు మూడో వరుసలో కూర్చున్నాం. అందరూ పొగిడాక, శాలువా కప్పాక, అన్న మైకు ముందుకు వచ్చి మొదలుపెట్టాడు.

“ఈ విద్య నాది కాదు.”

చీర కొంగు సర్దుకున్నాను, లేచి నిలబడమంటాడేమోనని చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నాను కూడా. అన్న కళ్లు మూడో వరుస మీదికి వచ్చి, నా మీద ఆగి, మళ్లీ పైకి లేచాయి.

“ఇది మా నాయన పెట్టిన భిక్ష. ఆయన నామం పెట్టుకునే మన్నుతోనే నాకు నేర్పినాడు.”

అందరూ చప్పట్లు కొట్టారు. వదిన కళ్లు ఒత్తుకుంది. నేనూ చప్పట్లు కొట్టాను, కొట్టకపోతే పక్కవాళ్లు చూస్తారు.

భోజనాలయ్యాక అన్న ఇంట్లో బంధువులంతా ముందుగదిలో చేరారు. నేను వంటింట్లో అందరికీ కాఫీ కలుపుతున్నాను. అన్న లోపలికి వచ్చాడు. ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు ఒకసారి చూసి, సభలో తనకు కప్పిన శాలువా తీసి నా భుజాల మీద వేశాడు. ఇది నీది పాపా, నాకు తెలుసు అన్నాడు, పొయ్యి మీద పాలకు కూడా వినపడనంత మెల్లగా. నేను ఏమైనా అనేలోపే ముందుగదిలోకి వెళ్లిపోయాడు.

బయటివాళ్లకు ఇది మంచి ముగింపులా కనిపించవచ్చు. నాకు మాత్రం జరిగిన మోసాలన్నిటిలోకీ పెద్దది అదే. నాయన చేసినది అన్యాయమే, కానీ ఉత్తరం చూపిన రోజున మొహం తిప్పుకుని అయినా నాతో ఒప్పుకున్నాడు. అన్న మరిచిపోయాడని నమ్మి ముప్పై ఏళ్లు అతన్ని క్షమించుకుంటూ వచ్చాను, ఆ ఒక్క మాటతో ఆ క్షమకు ఆధారం లేకుండా చేశాడు. అతనికి తెలుసు. కొన్ని గంటల కిందట, మైకు ముందు, నా మొహం చూస్తున్నప్పుడు కూడా తెలుసు. పత్రికవాళ్లు ఫొటో తీసినప్పుడు తెలుసు, మా పిల్లవాడికి పాఠం చెప్పినప్పుడు తెలుసు. శాలువా మడిచి పీట మీద పెట్టి, కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని ముందుగదిలోకి వెళ్లాను. అందరూ నాయన గొప్పతనం గురించి మాట్లాడుకుంటున్నారు. అన్న ఒక గ్లాసు అందుకున్నాడు.

ఇప్పుడు కాలం మారింది. ఆడపిల్లలు చేసిన పని కింద పేరు రాసుకుంటారు, రాయకపోతే ఎందుకు రాయలేదని పదిమందిలో అడుగుతారు. మా ఈడువాళ్లు కొందరు దాన్ని పొగరంటారు, నేను అనను. మా రోజుల్లో మాకు రావలసినవన్నీ, మెచ్చుకోళ్లూ క్షమాపణలూ కూడా, వంటింట్లోనే అందేవి, తలుపు వైపు ఒక కన్ను వేసి ఉంచి మరీ ఇచ్చేవాళ్లు. ఎప్పటికో ఒకప్పటికి అదే మాట ముందుగదిలో కూడా చెప్తారని మేము కాచుకుని కూర్చున్నాం, అడగడం మర్యాద కాదనుకున్నాం. అన్న పోయి మూడేళ్లయింది. చెప్పవలసిన ముగ్గురూ, ఒకరి తరువాత ఒకరు, చెప్పకుండానే వెళ్లిపోయారు.